చుక్కనీళ్ళ రాజ్యలక్ష్మి

మా పేటవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపుంది. కృష్ణలంకలో కరకట్ట కింద పుట్టి పెరిగి, ఇప్పుడు తలో దిక్కున స్థిరపడ్డవాళ్ళం నూట పాతిక మందిమి ఉన్నాం అందులో. పొద్దున లేస్తే ఎవడో ఒకడు పాత ఫొటో పెడతాడు. ఇనప రైలు వంతెన, బ్యారేజీ గేట్లు, కొండ మీద అమ్మవారి గుడి దీపాలు. కింద వరసగా అందరూ ‘ఆ రోజులే వేరు’ అని రాస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజులు వేరేమీ కాదు. అప్పుడూ మనుషులు ఇంతే, మేం పిల్లలం కాబట్టి చేసిన పనులకి ఎవరూ లెక్క అడగలేదు, అంతే తేడా.

ఆ గ్రూపులో ఎవరూ తలవని మనిషి ఒకావిడ ఉంది. రాజ్యలక్ష్మి పిన్ని. ఆవిడ బతుకు పాడవడానికి కారణం నేను. నాకిప్పుడు నలభై రెండేళ్ళు, గవర్నరుపేటలో ఫ్లెక్సీలు వేసే షాపుంది, పదిమందిలో పెద్దమనిషినే. ఈ మాట ఇప్పటికి ఇద్దరికే చెప్పాను, ఇద్దరికీ ఆలస్యంగానే చెప్పాను.

రిటైనింగ్ వాల్ రాకముందు మా ఇళ్ళకీ కృష్ణకీ మధ్య అడ్డమేమీ లేదు. గేట్లెత్తారని మైకు ఆటో అరుచుకుంటూ వస్తే సామాను నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కేవాళ్ళం. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసుకుని మళ్ళీ కాపరం పెట్టేవాళ్ళం. మిగతా రోజుల్లో మాకు సమస్తం రేవే. ఒక పక్క బట్టలు ఉతికేవాళ్ళు, ఒక పక్క గేదెల్ని కడిగేవాళ్ళు. శ్మశానం వైపు మెట్ల మీద మాత్రం పోయినవాళ్ళ కోసం పిట్టకి పెట్టేవాళ్ళు.

మనిషి పోయిన మూడో రోజు, చిన్నదినం నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి ఆ మెట్ల మీద ఉంచుతారు. అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి చేతులు జోడించి, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ బాకీ తీరుస్తాం అని మాటివ్వాలి. ఏ మాటకి కాకి దిగితే ఆ మాట కోసమే ఆ జీవి కొట్టుకుంటోందని లెక్క.

నాకూ, మా వీధి చివర చేపలమ్మే సువార్తమ్మ కొడుకు యేసుకుమార్‌కీ ఇదే సినిమా. గట్టు పక్క గడ్డిలో బోర్లా పడుకుని వినేవాళ్ళం. ఒకాయన తమ్ముడు పోతే, వాడి స్థలంలోకి రెండడుగులు గోడ జరిపాననీ రేపే వెనక్కి జరుపుతాననీ ఏడుస్తూ ఒప్పుకున్నాడు. కాకి ముట్టింది. గోడ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకో ముసలాయనకి బిర్యానీ పెట్టారు, గారెలు పెట్టారు, కాకులు పైనే తిరిగాయి. ఆఖరికి ఎవరో చుట్ట ముట్టించి విస్తట్లో పెడితే వెంటనే దిగాయి. మేం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

కాకి త్వరగా ముట్టేస్తే మాకు ఆట లేదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. సువార్తమ్మ పొద్దున్నే చేపలు బాగుచేసి పొట్టలు, మొప్పలు తట్టలో వేసి పారబొయ్యమని కొడుక్కిచ్చేది. ఆ తట్ట తీసుకెళ్ళి దిగువన, రైలు వంతెన అవతల ఇసుకలో కుమ్మరించేవాళ్ళం. పేటలో కాకులన్నీ అక్కడికే పోయేవి. ఇక్కడ విస్తరి దగ్గర ఒక్కటీ ఉండేది కాదు. గంటా గంటన్నర ఇంట్లోవాళ్ళు తమ గుట్లన్నీ బయట పెట్టుకునేవాళ్ళు. ఉపాయం నాదే. తట్ట మోసింది మాత్రం వాడు.

రాజ్యలక్ష్మి పిన్ని మా పక్క వాటాలో ఉండేది. పామర్రు దగ్గర పల్లెటూరి పిల్ల, పెళ్ళయి ఇక్కడికొచ్చింది. ఏరంటే భయం, నోరు మాత్రం ఆగేది కాదు. నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నవ్వేది. కుట్టుమిషను తొక్కుతూ వీధి వీధంతా పలకరించేది. మా బడి నిక్కర్లన్నీ ఆవిడే కుట్టేది, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఇంత వదులు పెట్టేది, మేం ఏడాదంతా ఒక చేత్తో నిక్కరు పట్టుకునే పరిగెత్తాలి. భర్త బసవపున్నయ్య ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. అత్తగారు బుల్లెమ్మ. ఐదేళ్ళ కూతురు కీర్తన.

నేను బ్యారేజీ గేట్ల దగ్గర దూకుతున్నానని ఆవిడ ఒకరోజు మా నాన్నకి చెప్పింది. నా మంచికే చెప్పింది. నాన్న బెల్టు తీశాడు. వారం రోజులు వీపు నేలకి ఆనించలేకపోయాను. అప్పటికి నాకు పదకొండేళ్ళు, పగ పెట్టుకోడానికి ఆ వయసు చాలు.

ఆ ఎండాకాలంలోనే బసవపున్నయ్య బాబాయికి కిడ్నీలు పోయాయి. కాళ్ళు, మొహం నీరు పట్టి ఉబ్బిపోయాడు. రోజుకి రెండు గ్లాసులకి మించి నీళ్ళివ్వొద్దని డాక్టరు చెప్పాడట. బయట రోళ్ళు పగిలే ఎండ, లోపల మనిషి నీళ్ళు నీళ్ళు అని అరుస్తూ ఉండేవాడు. గోడ ఇవతల మాకు వినపడేది. పిన్ని గ్లాసు కొలిచి పోసేది, తర్వాత తడిగుడ్డతో పెదాలు అద్దేది. మాటల మనిషి మాట మానేసింది. ఒకరోజు తెల్లవారుజామున ఆయన పోయాడు. గొంతులో ఆఖరి నీళ్ళు పొయ్యడానికి కూడా టైము లేకపోయింది.

మూడో రోజు చిన్నదినం. ముందురోజు సాయంత్రం నేను యేసుకుమార్‌తో, రేపు రెండు తట్టలు కావాలన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఆవిడ మంచిదిరా, నాకు చొక్కా ఊరికే కుట్టింది అన్నాడు. పిరికి గొడ్డు అన్నాను. మర్నాడు తట్టలు తెచ్చాడు.

కర్మ చేయించే జంగందేవర విస్తరి పెట్టించాడు. పులిహోర, వంకాయ కూర, మాగాయ, ఆయనకి ఇష్టమైన మైసూరుపాకు, పక్కన గ్లాసుతో నీళ్ళు. నలభై మంది చేరారు. కాకి లేదు. అరగంట గడిచింది, గంట గడిచింది. బావమరిది మాటిచ్చాడు, మేనమామ మాటిచ్చాడు, బుల్లెమ్మ నేలమీద పడి ఏడ్చింది. మెట్లు కాలిపోతున్నాయి. ఎవరైనా మనసులో ఏదన్నా దాచుకుంటే చెప్పెయ్యండమ్మా అన్నాడు జంగందేవర.

బుల్లెమ్మ లేచి కోడలి దగ్గరికొచ్చింది.

“నా మీద నా కొడుకు ఏనాడూ అలగలా. ఆ రాత్రి పక్కనున్నది నువ్వే. ఏం జరిగిందో చెప్పు.”

పిన్ని కూతుర్ని చంకనేసుకుని నిలబడి ఉంది. ఎవరి మొహమూ చూడలేదు, విస్తరి వైపు చూసి చెప్పింది.

“నీళ్ళడిగాడు అత్తయ్యా. అప్పటికి రెండు గ్లాసులూ అయిపోయినాయి. తెల్లారాక ఇస్తానన్నా. ఒక్క చుక్క వెయ్యవే అని చెయ్యి పట్టుకున్నాడు. నేను వెయ్యలేదు.”

ఆ మాట అనడం, ఒక కాకి రెక్కలు కొట్టుకుంటూ దిగి విస్తట్లో ముక్కు పెట్టడం ఒకేసారి జరిగాయి. దాని వెనక ఇంకోటి, ఇంకో పది. అవతల మా తట్టలు ఖాళీ అయ్యాయి, అంతకన్నా ఏమీ లేదు. అది తెలిసినవాళ్ళం ఆ రేవులో ఇద్దరమే. గడ్డిలో పడుకుని ఉన్నాం. నాకు నవ్వు రాలేదు. కానీ లేచి చెప్పలేదు కూడా.

బుల్లెమ్మ కోడల్ని కొట్టలేదు, తిట్టలేదు. దగ్గరికెళ్ళి చంకలో పిల్లని లాగేసుకుంది. నా కొడుకుని దాహంతో చంపినదాని దగ్గర నా మనవరాలు పెరగదు అంది. నలభై మందిలో ఒక్కరు కూడా అదేంటని అడగలేదు. డాక్టరు వద్దన్నాడు కదా అని మా అమ్మ గొణిగితే మా నాన్న ఊరుకోమన్నాడు. పిట్టే చెప్పాక డాక్టరు మాట ఎవడిక్కావాలి?

సాయంత్రానికి కుట్టుమిషను వీధిలో ఉంది. మిషను పక్కన పిన్ని కూర్చుని ఉంది. తలుపు తడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. అదేం చెయ్యలేదు. ఆయనకి తన మీద కోపం ఉందని ఆవిడ కూడా నమ్మేసింది మరి. పుట్టింటివాళ్ళు చిన్నదినానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే బస్సెక్కారు, ఒక్కరూ రమ్మనలేదు. నాలుగు వీధుల అవతల కట్టవారన ఒక రేకుల పాకలో దిగింది, కూతురు కనపడేంత దూరంలో ఉంటే చాలని.

అప్పటినుంచి ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు గానీ, ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు. జాకెట్టు కొలతలిచ్చి దాహం వేస్తే కట్ట దాటి వచ్చి తాగేవాళ్ళు. పేటంతా ఆవిడకి చుక్కనీళ్ళ రాజ్యలక్ష్మి అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. తప్పు చేసినవాడికి ఎదుటి మనిషి ఇంకా చెడ్డదైతే కొంచెం హాయిగా ఉంటుంది, అంతకంటే పెద్ద కారణం దొరకలేదు.

నాలుగేళ్ళ తర్వాత ఒక వేసవిలో ఆవిడ కట్ట మీద తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టింది. నాలుగు కుండలు, రాగి చెంబు, వట్టివేళ్ళు వేసిన నీళ్ళు. రోజూ మునిసిపల్ పంపు నుంచి తనే మోసేది. ఆటోవాళ్ళు, బస్టాండుకి పోయే పల్లెటూరివాళ్ళు తాగేవాళ్ళు. పేటవాళ్ళు ఎండిన నాలుకతో ముందునుంచే నడిచిపోయేవాళ్ళు. అది పుణ్యం కోసం కాదనీ, ఆ దారినే కీర్తన బడికి వెళ్తుందనీ అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలాక తొమ్మిదేళ్ళ కీర్తన నలుగురు పిల్లలతో వస్తోంది. నేను అక్కడే సైకిలు గాలి కొట్టిస్తున్నాను. పిన్ని గ్లాసు నిండా ముంచి రోడ్డుకి అడ్డంగా వచ్చింది. తాగమ్మా అంది, ఇంకేమీ అనలేదు. పిల్ల గ్లాసు తీసుకుంది. పిన్ని మొహం వెలిగిపోయింది. కీర్తన గ్లాసుని మెల్లగా వంచి నీళ్ళన్నీ ఆవిడ పాదాల ముందు మట్టిలో పోసి, ఖాళీ గ్లాసు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నాయనమ్మ నేర్పిందో, తనకే తోచిందో తెలియదు. పిల్లలందరూ ఆ పేరు పెట్టి అరిచారు. మర్నాటికి పందిరి లేదు.

ఆ రోజు యేసుకుమార్ నా దగ్గరికొచ్చి, పద చెప్పేద్దాం, ఇంక నావల్ల కాదు అన్నాడు. చెబితే తన్నులు ఇద్దరికీ పడేవి, సిగ్గు ఇద్దరికీ ఉండేది. నేను వాడికి మరో లెక్క చెప్పాను. పిట్టకి పెట్టే పొద్దున చేప పొట్టలు పోసింది మీ అమ్మ తట్టతో అని తెలిస్తే నన్నెవడూ ఏమీ అనడు, మీ అమ్మని పేటలోంచి తరుముతారు, మతం మాట కూడా తీస్తారు అన్నాను. అది నిజం కూడా. వాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పుడు గన్నవరంలో కరెంటు పని చేసుకుంటున్నాడట, గ్రూపులో లేడు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా నిజం ముప్పై ఏళ్ళు నిలబడే ఉంది, ఎవరికీ తెలియలేదు. బుల్లెమ్మ పోయింది. కీర్తన చదువుకుంది, పెళ్ళయింది, కానూరు వెళ్ళిపోయింది. పెళ్ళికి తల్లిని పిలవలేదు. తర్వాత రిటైనింగ్ వాల్ పని మొదలైంది. కట్టవారన పాకలు తీసేసి వాళ్ళకి సింగ్‌నగర్ అవతల ఫ్లాట్లిచ్చారు. గోడ వెంట పార్కు పడింది, పొద్దున్నే వాకింగులు, సెల్ఫీలు. ఇప్పుడు గేట్లెత్తినా మా పేటలోకి నీళ్ళు రావు.

రెండువేల ఇరవై నాలుగు సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఏటికి దూరమని పంపిన చోటే ముంచింది. మా షాపుల సంఘం తరఫున మేం పడవలో నీళ్ళ ప్యాకెట్లు పంచడానికి వెళ్ళాం. నడుంలోతు మురుగు, దాని మధ్య మూడంతస్తుల ఫ్లాట్లు. ఒక మెట్ల మీంచి ముసలావిడ చెయ్యి చాపింది. రెండు రోజులైంది నాన్నా చుక్క పడి, అంది. మొహం ఆనవాలు పట్టలేదు, గొంతు పట్టాను. ప్యాకెట్ల కట్ట అందించాను. ఆవిడ పై మెట్టు మీదున్న పక్కింటి పిల్లలకి ముందు చించి ఇచ్చి, తర్వాత తను తాగింది. తాగాక నన్ను చూసి, పవనూ, నువ్వేనా అంది. నేను పడవ తిప్పమన్నాను.

పదిహేను రోజులు నిద్ర లేదు. నీళ్ళు తీశాక ఆవిడ ఫ్లాటుకి వెళ్ళాను. గోడల మీద ఛాతీ ఎత్తున బురద గీత, తడిసి ఉబ్బిన కుట్టుమిషను బల్ల. మొత్తం చెప్పాను. తట్టలు, ఇసుక, బెల్టు దెబ్బలు, కాకి ఎందుకు దిగిందో. పేరు పెట్టింది నేనేనని మాత్రం చెప్పలేకపోయాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ నోరు తెరుచుకుని వింది, విన్నాక మొహం ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిదైపోయింది.

“అయితే ఆయనకి నా మీద కోపం లేదా?”

“లేదు పిన్నీ.”

ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే లేచి ఉతికిన చీర వెతుక్కుంది. కీర్తనకి చెప్దువుగాని పద, ఇప్పుడే చెప్దువుగాని, మళ్ళీ నీకు మనసు మారుతుంది అంది. నా మీద కోపం తెచ్చుకోడానికి కూడా ఆవిడకి తీరిక లేదు. ఆటోలో కానూరు దాకా ముప్పై ఏళ్ళ మాటలన్నీ మాట్లాడింది. కీర్తనకి ఇద్దరు మగపిల్లలట, దూరం నుంచి చూసిందట. ఒక వారం ఉండనిస్తే చాలు, పిల్లలకి చొక్కాలు కుట్టిపెట్టి వచ్చేస్తాను అంది.

రెండో అంతస్తు. నేను బెల్లు కొట్టాను, ఆవిడ నాలుగు మెట్లు కింద గోడవారన నిలబడింది. కీర్తన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, మెడలో ఆస్పత్రి కార్డు. తలుపు సగమే తెరిచింది. గుమ్మంలో నిలబడి మళ్ళీ అంతా చెప్పాను. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. చివర్లో, డాక్టరు చెప్పబట్టే మీ అమ్మ నీళ్ళివ్వలేదమ్మా, ఆ కాకి అబద్ధం అన్నాను.

“నాకు తెలుసండీ,” అంది.

నాకు అర్థం కాలేదు.

“నేను పనిచేసేది డయాలసిస్ సెంటర్లోనండీ. అడిగినా నీళ్ళివ్వొద్దని రోజూ పది మంది ఆడవాళ్ళకి నేనే చెప్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నాకు తెలిసిపోయింది, మా అమ్మ తప్పేం లేదని. పన్నెండేళ్ళయింది.”

మరి ఎందుకు వెళ్ళలేదని అడిగాను. కీర్తనకి కోపం రాలేదు, సిగ్గూ పడలేదు.

“వెళ్ళి ఏం చెప్పాలి? నన్ను పెంచింది మా నాయనమ్మ. ఆవిడ నా కోసం చీర కొనుక్కోలేదు. ఆవిడ తప్పు అనలేను. అమ్మ లేకుండా ఉండటం నాకు చిన్నప్పుడే అలవాటైపోయింది. ఇప్పుడు తెచ్చుకుని ఏం చేసుకోనండీ? మా పిల్లలకి నాయనమ్మ ఉంది, చాలు.” ఆ తర్వాత మెట్ల వైపు చూడకుండానే గొంతు కొంచెం పెంచింది. “ఆవిణ్ణి జాగ్రత్తగా దింపండి. మెట్లు జారుతున్నాయి.”

తలుపు వేసింది, గట్టిగా కూడా వెయ్యలేదు.

తిరుగు ఆటోలో బెంజి సర్కిల్ దాకా వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నన్ను క్షమించు పిన్నీ అన్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది.

“ఇన్నాళ్ళూ నా బిడ్డని నాకు దూరం చేసింది ఆ కాకే అనుకున్నా పవనూ. పోన్లే, ఆయన పంపితే వచ్చింది, నోరులేని జీవం అని సరిపెట్టుకున్నా. కాకి లేకపోతే నా కూతురు నన్ను వదిలేది కాదు, ఎప్పటికైనా డాక్టరు చెప్పిన సంగతి దానికి తెలిస్తే వస్తుంది అనుకుని బతికా. అన్నం అయినా అందుకే తిన్నా. ఇప్పుడు నువ్వొచ్చి ఆ ఆశ కూడా లేకుండా చేశావు.”

సింగ్‌నగర్ ఫ్లైఓవరు దిగగానే ఆటో ఆపమంది. ఇంకా కిలోమీటరు ఉంది, దారంతా బురద, ఇంటి దాకా దింపుతానన్నాను. వద్దంది. దిగి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది.

“మీ నాన్నకి చెప్పినందుకు నీకు కోపం వచ్చింది, నా మొగుణ్ణి నా మీదకి ఉసిగొల్పావు. అప్పుడు చిన్నపిల్లాడివి. ఇవాళ నీకు నిద్ర పట్టలేదని వచ్చి నా కూతుర్ని చంపావు. ఇంక రాకు నాన్నా.”

అలా అని బురదలో అడుగు చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఆటో అతను ఎక్కడికి సార్ అన్నాడు. గవర్నరుపేట అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.